కెంపమ్మ ఉద్యోగంలో చేరిన వైనం

ఒక పెద్ద అడవిలో, అంటే ఒక కొస కొండల్లో మొదలై రెండో కొస సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నంత పెద్ద అడవిలో, ఒక ఉప్పుగుంట ఉండేది.

అడవికి ఉప్పుగుంట ఎందుకని అడగకూడదు. పక్క అడవి వాళ్ళకి జలపాతం ఉంది, అందుకని. మన అడవి అధ్యక్షుడు గంభీరయ్య అనే ఏనుగు. ఆయన ఒకసారి పక్క అడవికి అతిథిగా వెళ్ళి ఆ జలపాతం చూసి వచ్చాడు. అప్పటి నుంచి మేత సహించలేదు. చివరికి ఉప్పుటేరు పక్కన ఉన్న కొండరాతి గుంటలోకి తొండంతో సముద్రాన్ని తోడి తెచ్చి పోశాడు. ఆ తోడడంలో పెద్ద నోరున్న ఒక ముసలి బొంత చేప కూడా తొండంలోకి వచ్చేసింది. గంభీరయ్య తుమ్మితే అది గుంటలో పడింది. దాన్ని ఆస్థాన మత్స్యం అన్నారు. చాలా పదవులు ఇలాగే వస్తాయి, మనం మాత్రం ప్రతిభ అనుకుంటాం.

కొన్నాళ్ళకి బొంత చేప ఒంటికి పురుగు పట్టింది. పొద్దస్తమానం రాతికేసి వీపు గీక్కోవడమే పని. చూడవచ్చిన అతిథుల ముందు కూడా గీక్కునేది. అధ్యక్షుడికి తలవంపులుగా ఉండేది.

దీనికి సముద్రంలో మందు ఉంది. ఎర్రచారల రొయ్యలని ఒక జాతి. రాతి సందులో కొట్టు పెట్టుకుని కూర్చుంటాయి. చేపలు వరసగా వచ్చి, నోరు తెరుచుకుని నిలబడతాయి. రొయ్య ఒంటి మీదకెక్కి, మొప్పలూ పళ్ళసందులూ వెతికి, పురుగులు ఏరుకు తింటుంది. పళ్ళ డాక్టరూ, తల్లో పేలు చూసే అమ్మమ్మా ఒక్కరే అయితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. చేపకి హాయి, రొయ్యకి భోజనం.

అలాంటి రొయ్యని ఒకదాన్ని తెప్పించారు. తెచ్చిన కొబ్బరిచిప్పని తెచ్చినట్టే గుంటలో బోర్లించారు. పాపం అది ఒక్కసారి మెలి తిరిగి అడుగుకి చేరింది, మళ్ళీ లేవలేదు. సంతాప సభ మాత్రం బాగా జరిగిందని చెప్పుకున్నారు.

రెండోసారి వచ్చింది కెంపమ్మ. పోయినామె ఈమెకి పినతల్లి.

“పిన్ని పోయిన ఉద్యోగానికి నువ్వెళతావుటే?” అని సముద్రంలో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. కెంపమ్మ వినలేదు. సముద్రంలో ఆమె కొట్టు ఒక మూలన ఉండేది. వచ్చే చేపలు కూడా, పని అయ్యాక ఆమెని బయటికి వదుల్దామా నోరు మూసేద్దామా అని ఆలోచించే రకం. గుంటలో అయితే ఒకటే చేప, అదీ ముసలిది. సొంత రాతి సందు. అన్నిటికీ మించి ‘ఆస్థానం’ అనే మాట ఆమె మీసాల చివర్ల దాకా పాకింది.

ఇంకో సంగతి కూడా ఉంది. రొయ్య పెరగాలంటే పాత పెంకు విడవాలి. విడిచిన పూట ఒళ్ళు మీగడలా ఉంటుంది. ఎవరు ముట్టుకున్నా పోతుంది, నీళ్ళు తేడా చేసినా పోతుంది. ఆ పూట ఉప్పు సరిగ్గా ఉన్న నీళ్ళూ, దాక్కోడానికి ఒక సందూ ఉంటే బతుకుతుంది, లేకపోతే లేదు. కెంపమ్మకి ఆ రోజులు దగ్గరపడుతున్నాయి. ఈసారి ఎవరి సందులోనో బితుకుబితుకుమంటూ కాకుండా, నా సొంత సందులో విడుస్తాను అనుకుంది. ఆడదానికైనా మగవాడికైనా ఒక గోడ తనదనుకునే ఆశ ఉంటుంది, రొయ్యని తప్పుపట్టడం ఎందుకు.

ఆమెని కొబ్బరిచిప్పలో కూర్చోబెట్టుకుని, మూపు మీద పెట్టుకుని, తాబేలు తాత తీసుకొచ్చాడు. వస్తూనే గుంట నీళ్ళు నాలుక మీద వేసుకుని చూశాడు.

“అధ్యక్షా, ఎండకి ఇగిరి ఇగిరి మీ గుంట ఉప్పులో సముద్రం కంటే రెండాకులు ఎక్కువే చదివింది. పిల్లని ఒక్కసారిగా వదిలితే తట్టుకోలేదు. చిప్పని నీడలో పెట్టండి. ఇదిగో ఈ రెల్లుకాడకి గడ్డిపోచతో ముడి బిగించాను. గుంట నీళ్ళు ఇందులోంచి బొట్టు బొట్టుగా చిప్పలోకి దిగుతాయి. పొద్దు వాలేసరికి రెండు నీళ్ళూ ఒకటవుతాయి. అప్పుడు పిల్లని ఒక్కదాన్నే గుంటలోకి వదలండి, చిప్పలో నీళ్ళు బయట పారబొయ్యండి. అంతే. తొందర మాత్రం పడకండి.”

కోస్తాలో రొయ్యల చెరువుల వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. రొయ్యపిల్లల సంచుల్ని ముందు చెరువులో తేలేసి, సంచి నీళ్ళ వేడీ చెరువు నీళ్ళ వేడీ ఒకటయ్యాక, చెరువు నీళ్ళు కాస్త కాస్త పోసి, అప్పుడు గాని మూతి విప్పరు. కొత్తల్లుడి విషయంలో ఇంత జాగ్రత్త తీసుకునే అత్తవారు కూడా తక్కువ. సరే, అది వేరే కథ.

“జాగ్రత్త అమ్మడూ” అని చెప్పి తాబేలు తాత వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడు అన్నానే గాని, సాయంత్రం దాకా కనిపిస్తూనే ఉన్నాడు.

స్వాగత సభ జరిగింది. చిప్పని నీడలో పెట్టమన్నారు గనక, గంభీరయ్య తన నీడలోనే పెట్టుకుని మాట్లాడాడు. మాట్లాడేటప్పుడు ఆయనకి అటూ ఇటూ ఊగే అలవాటు. దాంతో కెంపమ్మ ఒక మాటకి ఎండలో, ఒక మాటకి నీడలో ఉంది. మెడలో వేసిన దండలో ఒక్క పువ్వే ఆమె కంటే పెద్దది. దాని కింద నుంచి మీసాలు మాత్రం బయటికి పెట్టి అందరికీ ఊపింది. నిజం చెప్పొద్దూ, ఆమెకి బాగానే ఉంది. సముద్రంలో ఎవడైనా లేచి నిలబడ్డాడా ఆమెని చూసి?

సభ అయ్యాక కాడలోంచి బొట్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఉప్పు మెల్లిగా ఒంట్లోకి దిగుతుంటే కెంపమ్మకి కునుకు పట్టింది.

అప్పుడు వచ్చాడు సుబుద్ధి. ఆయన నక్క, అడవికి కార్యదర్శి. కాడనీ, పడుతున్న బొట్టునీ, పడబోయే బొట్టునీ చాలాసేపు చూశాడు. పక్కనే కప్ప కూర్చుని ఉన్నాడు.

“ఈ పని ఎవరు చేస్తున్నారు?” అన్నాడు సుబుద్ధి.

“కాడ” అన్నాడు కప్ప.

“కాడకి ఎవరు అప్పగించారు?”

“ఎవరూ అప్పగించలేదండి. దాని పాటికది చేస్తోంది. సాయంత్రానికి అయిపోతుందిట.”

“అయిపోతే?”

“అయిపోతే అయిపోయినట్టే గదండీ.”

సుబుద్ధికి ఒళ్ళు జలదరించింది. అయిపోయే పనులంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ భయం.

కాడ ఊడబీకించి, సభ పిలిపించాడు. “క్రితంసారి ఏమైంది? తొందరపడ్డాం. ఒక ఆడకూతురి ప్రాణం పోయింది. తాబేలు ఏమని చెప్పి వెళ్ళాడు? తొందరపడకండి అన్నాడు. నిదానంలో అంతటి అనుభవం ఉన్నవాడే ఆ మాట అన్నాడంటే, మనబోటి వాళ్ళం ఇంకెంత నిదానంగా ఉండాలి?”

అందరూ ఆలోచించారు. తిరుగులేని మాట. అలవాటు సంఘం ఏర్పడింది. బొట్టు పోసినప్పుడల్లా సంఘం కూర్చోవాలి. సంఘం కూర్చున్నప్పుడల్లా ఫలహారం ఉండాలి. ఈ రెండో మాట ఎవరన్నారో తెలియదు గాని, అందరికీ ఒకేసారి వినిపించింది.

వెంటనే కప్ప లేచాడు. “నాదొక సందేహం. గుంట నీళ్ళే ఎందుకు పొయ్యాలి? ఈవిడ గుంటకి అధికారిణా, అడవి మొత్తానికా? వాననీళ్ళ వాళ్ళం మేం ఏమైపోవాలి?”

“అదీ నిజమే” అన్నాడు దున్నపోతు. “మా బురద ఏం పాపం చేసింది? రేపు ఈవిడ పదవిలోకొచ్చాక, నువ్వెవరివిరా అంటే ఎవరు పూచీ?”

అలా తలా ఒక బొట్టు అని తేలింది. కప్ప వాననీళ్ళ బొట్టు, దున్నపోతు బురదబొట్టు, కోతులు మామిడిరసం బొట్టు. అధ్యక్షుడు తొండంతో పోస్తే చిప్పే కొట్టుకుపోతుంది గనక, ఆయన తరఫున చీమ పోసింది. నిపుణుడుగా కొంగని వేశారు. రొయ్యల గురించి తనకి తెలిసినంత ఎవరికీ తెలియదని ఆయనే చెప్పుకున్నాడు, అందులో అబద్ధమేమీ లేదు. రోజూ నీళ్ళు రుచి చూసే మిషతో చిప్పలోకి ముక్కు పెట్టేవాడు. కెంపమ్మ చిప్ప గోడకి అతుక్కుపోయేది.

“భయపడకమ్మా, పరిశీలిస్తున్నాను” అనేవాడు కొంగ, నోరూరుతుంటే.

మొదట్లో బొట్టు బొట్టుకీ చప్పట్లు కొడుతుంటే కెంపమ్మ పొంగిపోయింది. కొన్నాళ్ళకి తల దిమ్ముగా అనిపించి, సుబుద్ధిని పిలిచింది.

“అయ్యగారూ, నాకు ఉప్పునీళ్ళు కావాలండి.”

“అలవాటు పడాలమ్మా.”

“పడతానండి. దేనికి పడాలో అది పొయ్యండి మరి.”

“దేనికి అనేది తర్వాత. ముందు అలవాటు పడ్డం అలవాటు చేసుకోవాలి.”

ఇంత చదువుకున్నవాడు చెబుతుంటే కాదంటే బాగుండదని ఊరుకుంది. గుంట గట్టు అవతల నుంచి బొంత చేప మాత్రం ఊరుకునేవాడు కాదు.

“ఏమే పిల్లా, ఇంకా రావేం? ఎడంపక్క మొప్ప కింద తినేస్తున్నాయి.”

“సంఘం వారు వదలాలి గదా తాతా.”

“నీ సంఘం తగలెయ్యా. నేనొచ్చేటప్పుడు ఏ సంఘం ఉంది? తుమ్మాడు, పడ్డాను.”

“అందుకే మీకు పురుగు పట్టిందంటున్నారు.”

“ఎవడా అన్నది?”

“కార్యదర్శిగారు.”

“వాడి ఒళ్ళు నాకప్పగించమను, ఎవరికి పట్టిందో చూపిస్తాను.”

ఎండ పోయి ముసురు వచ్చింది. చిప్పలో నీళ్ళు ఏ రంగో చెప్పడం కష్టమైంది. కెంపమ్మ ఎర్రచారలు మసకబారి చింతపండు రంగుకి దిగాయి. అలవాటు అన్నది పాడు వస్తువు, దేన్నైనా పట్టుకుంటుంది. ఒకరోజు వాన మొదలవగానే ఆమె తనకి తెలియకుండా బెకబెకమంది. మర్నాడు భోజనం అయ్యాక తీరిగ్గా నెమరేస్తూ దొరికిపోయింది. దున్నపోతు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “మా పిల్ల అయిపోయింది” అన్నాడు.

సంఘం ఆనందంతో రెండుసార్లు ఫలహారం చేసింది.

కానీ కెంపమ్మకి ఆ నెమరులోనే ఒక సంగతి తెలిసింది. భుజాల దగ్గర పెంకు బిగుస్తోంది, ఇరుకైన రవికలా. వీపు మధ్యన సన్నటి గీత పడింది. ఇవాళో రేపో విడిచెయ్యాలి. ఈ కలగాపులగం నీళ్ళలో, కొంగ ముక్కు కింద విడిస్తే పినతల్లి దగ్గరికే పోవాలి.

సుబుద్ధికి కబురు పెట్టింది. ఆయన ఫలహారం మధ్యలో వచ్చాడు.

“అయ్యగారూ, పెంకు విడిచే వేళయింది. దయచేసి ఆ కాడ మళ్ళీ పెట్టించండి. ఒక్క పూట ఉప్పు దిగితే చాలు, సందులోకి పోయి పడుకుంటాను.”

“పెంకు విడవడం గురించి సంఘం ఏమీ అనుకోలేదే.”

“సంఘం అనుకుంటే వచ్చేది కాదండీ ఇది.”

“అయితే వాయిదా వెయ్యి.”

“నా చేతుల్లో లేదండీ.”

“నీకు చేతులు చాలానే కనిపిస్తున్నాయే” అని సుబుద్ధి ఆశ్చర్యపడి, తన తెలివికి తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పక్క అడవి నుంచి కబురొచ్చింది. అక్కడి అధ్యక్షుడు ఖడ్గమృగం మర్నాడు పొద్దున్నే ఉప్పుగుంట చూడ్డానికి వస్తున్నాడు. గంభీరయ్య తొండం ఎత్తి ఒకే మాట చెప్పాడు. “రేపాయన వచ్చేసరికి రొయ్య గుంటలో ఉండాలి. చేప గీక్కోకూడదు.”

తెల్లవారగానే కొంగ చిప్పలో నీళ్ళు రుచి చూశాడు, గుంట నీళ్ళు రుచి చూశాడు. మెడ ముడుచుకున్నాడు.

“ఏమయ్యా?” అన్నాడు సుబుద్ధి.

“మొదటి రోజు కంటే ఇప్పుడు తేడా ఎక్కువుంది.”

అందరూ సుబుద్ధి వైపు తిరిగారు. కప్ప కూడా. అప్పుడు సుబుద్ధి గొంతు సవరించుకున్నాడు. ఆయన కార్యదర్శి ఊరికే అవలేదు.

“ఇందులో రొయ్య తప్పేమీ లేదు. రొయ్య చక్కగా అలవాటు పడింది. అలవాటు పడనిది గుంట. తన చోటు నుంచి అంగుళం కదలకుండా, అదే ఉప్పు పట్టుకుని కూర్చుంది. కాబట్టి ఇప్పుడు గుంటకి పొయ్యాలి, బొట్లు.”

“గుంటలో నేనున్నానురా నాయనా” అన్నాడు బొంత చేప.

“కొత్తగా చేరేవాళ్ళతో సర్దుకోవాలండీ. పెద్దవారు, మీకు చెప్పాలా?”

చిప్పని తెచ్చి గుంట గట్టు మీద పెట్టారు. అడవి అడవంతా తలా ఒక బొట్టు పట్టుకుని వరసలో నిలబడింది. ఎవరు ముందో తేలలేదు. ఎవరి బొట్టు చిన్నదో పెద్దదో తేలలేదు. అంతలో కొండమలుపులో ఖడ్గమృగం అడుగుల చప్పుడు వినిపించింది.

చిప్పలో కెంపమ్మకి ఇవేమీ వినిపించడం లేదు. వీపు చిట్లింది. ఇంక ఆగేది లేదు. తల వంచి, నడుం విల్లులా వంచి, పాత పెంకులోంచి కాళ్ళన్నీ ఒక్కొక్కటే లాక్కుంది. మీసాలు రావడానికి మాత్రం ప్రాణం మీదకి వచ్చింది. ఆఖరికి మొత్తం ఊడి వచ్చింది. కొత్త ఒంటితో, గాజులా, మీగడలా, చిప్ప అడుగున చతికిలబడింది. ఆ నీళ్ళు ఒంటిని సూదుల్లా పొడుస్తున్నాయి. పైన ఆమె పాత పెంకు, కళ్ళూ మీసాలూ చెక్కుచెదరకుండా, తేలుతోంది.

ఇదీ నా సొంత సందు, అనుకుంది కెంపమ్మ. కొబ్బరిచిప్ప అడుగు.

బయట దున్నపోతుకి ఓపిక నశించింది. “బొట్టు బొట్టని ఎన్నాళ్ళు పోస్తారయ్యా. అతిథి గుమ్మంలో ఉంటే. మావాళ్ళందరి వాటా నేనే ఒక్కసారి ఇచ్చేస్తాను” అని నడుచుకుంటూ వెళ్ళి గుంటలో కూర్చున్నాడు.

దున్నపోతు కూర్చుంటే నీళ్ళు లేవాలి, అది ప్రకృతి ధర్మం, పాత చదువుల్లో దీనికొక సూత్రం కూడా చెప్పేవారు. గుంటలోంచి గోడంత అల లేచింది. గట్టు మీద చిప్పని ఒక్క తోపు తోసింది. బొంత చేప కూడా ఆ అలతో లేచి, గట్టు దాటి, రాతి జారుడు మీద వీపు హాయిగా గీరుకుంటూ కింద ఉప్పుటేట్లో పడ్డాడు. వెనకే చిప్పా పడింది. వెనక్కి మళ్ళిన అల తేలిగ్గా ఉన్న పెంకుని మాత్రం గుంటలోకి లాక్కుపోయింది.

ఉప్పుటేట్లో అప్పుడే పోటు దిగి, నీళ్ళు సముద్రం వైపు తీస్తున్నాయి. నీళ్ళు కారకుండా కొబ్బరిచిప్ప కంట్లో తాబేలు తాత కుక్కిన నాచు ఊడి, అక్కడొక చిన్న కన్నం పడింది. చిప్ప తేలుతూ, తిరుగుతూ, ఏటి మొగ వైపు సాగింది. కన్నంలోంచి ఏటి నీళ్ళు కొద్దికొద్దిగా లోపలికి రావడం మొదలుపెట్టాయి. ముందు చప్పగా. తర్వాత ఉప్పూ ఉప్పుకానట్టు. మలుపు తిరిగాక కొంచెం ఉప్పగా. ఎవరూ కూర్చోలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఫలహారం చెయ్యలేదు. సూదులు ఒకటొకటే ఆగిపోయాయి. కెంపమ్మ కదలకుండా పడుకుంది. పొద్దు వాలేసరికి చిప్ప బయటా లోపలా ఒకటే సముద్రం.

“బతికావుటే?” అని చిప్ప పక్కన ఒక పెద్ద నోరు అడిగింది.

“ముట్టుకోకండి తాతా. పెంకు గట్టిపడాలి.”

“పడనీ. అంతవరకూ గీక్కుంటాలే. నాకు అలవాటేగా” అన్నాడు బొంత చేప, చిప్పకి అడ్డంగా పడుకుని.

చాలా రోజుల తర్వాత తాబేలు తాత కొత్త కొట్టు దగ్గరికి వచ్చాడు. బొంత చేప నోరు తెరుచుకుని ఉన్నాడు. కెంపమ్మ ఎర్రటి చారలతో పళ్ళ మధ్యన పనిలో ఉంది.

“అడవిలో ఏం జరిగింది తాతా? ఖడ్గమృగం ఏమన్నాడు?”

“గుంటలోకి చూశాట్ట. నీ పెంకు తేలుతోంది. కార్యదర్శి ‘ఈవిడే మా అధికారిణి, సంపూర్ణంగా అలవాటు పడింది’ అన్నాట్ట. ఆయన చాలాసేపు చూసి, ఎంత క్రమశిక్షణ, మావాళ్ళు ఎప్పుడూ కదులుతుంటారు అని మెచ్చుకున్నాట్ట.”

“చేప ఏదని అడగలేదా?”

“అడిగాడు. పురుగు పట్టిన చేప మా గుంటలో ఒక్కటి కూడా లేదు, అంతా ఈవిడ చలవే, అన్నాడు కార్యదర్శి. అందులో తప్పేముంది? ఖడ్గమృగం అక్కడికక్కడే ఆ సంఘాన్ని నడిపే సుబుద్ధిని తన అడవికి అరువడిగి పట్టుకుపోయాడు.”

“పెద్ద పదవేనా?”

“పెద్దదే. కాని కొత్తవాడు గదా, అలవాటు పడేదాకా సరిహద్దులో ఒక గోతిలో కూర్చోబెట్టారు. వాళ్ళకీ ఒక సంఘం ఉంది. కుందేలు ఒక గడ్డిపరక, దుప్పి ఒక ఆకు, తలా కాస్త వేస్తున్నారు. ఫలహారం గోతి పైనుండే వాళ్ళకి. మొన్న నేను దారిన వస్తుంటే నెమరేస్తున్నాడు పాపం.”

కెంపమ్మ కాసేపు ఏరడం ఆపింది. ఎంత కాదన్నా ఆస్థానం అన్న మాట ఇంకా ఎక్కడో మీసాల చివర్లలో ఉంది.

“మరి నా ఉద్యోగంలో ఎవరిని వేశారు?”

“ఎవరినెందుకు వేస్తారు? నువ్వే చేస్తున్నావు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. మొన్ననే నీకు పైపదవి కూడా ఇచ్చారు, దండ వేసి. దండ బరువుకి కొంచెం మునిగావుట, వినయం అన్నారు.”

“మాట్లాడుతూ ఏరవే పిల్లా, ఎడంపక్క వదిలేశావు” అన్నాడు బొంత చేప.

కాబట్టి నాయనలారా, ఆస్థానంలో కొలువు దొరికితే తోలు పంపి ఊరుకోండి. ఒళ్ళు కూడా తీసుకెళితే వాళ్ళకీ ఇబ్బందే.